స్కెల్బీ మంచం

కిందటి వారం నవోమిని కొన్ని ఫొటోల ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కళ్లజోడు కూడా తీయలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు. మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊరు. అక్కడి తెలుగు చర్చికి వెళ్లే కుటుంబాల్లో రెండిటికి స్కెల్బీ అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఉంది. రెండూ గోదావరి వైపు నుంచి వచ్చినవే. పాతికేళ్ల కిందట షాలేం రాజు స్కెల్బీ ఆ చర్చి గుమ్మంలో దేవకుమార్ స్కెల్బీ పేరు విని, "అయితే మనది ఒకే ఇల్లు తమ్ముడూ" అని కావలించుకున్నాడు. అప్పటినుంచి దేవకుమార్ భార్య నవోమికి ఆయన బావగారు. ఆయన భార్య పర్సిస్ అక్కయ్య. దేవకుమార్ పోయినప్పుడు శవపేటిక ముందు కొస పట్టింది షాలేం రాజే. ఇప్పుడు దేవకుమార్ కూతురు జెనిఫర్, షాలేం రాజు కొడుకు ఎవాన్ పెళ్లి చేసుకుంటామంటున్నారు. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారని ఏడాదిపాటు తల్లులిద్దరూ ఏడ్చారు. ఈ రెండిళ్ల చుట్టరికం ఎక్కడ కలిసిందో చెప్పమని పాస్టరుగారు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. నవోమి మెత్తబడింది. పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే లేచి చెప్పాలి. మొదటి ఆదివారం సాఫీగా గడిచింది. రెండో ఆదివారం పెళ్లికొడుకు తండ్రే లేచాడు. "ఒకే ఇంటిపేరు. ఇది పాపం" అన్నాడు. ఆ మాటతో ఎవాన్ బెదిరిపోయాడు. తను ఉద్యోగం చేసే దూరపు ఊరు ఆష్‌బర్న్‌కి వెళ్లిపోయి, "పాపమే అయితే నా వల్ల కాదు జెన్" అని మెసేజ్ పెట్టాడు. మూడో ప్రకటన రేపు. మళ్లీ షాలేం రాజు లేస్తే ఆ చర్చిలో ఆ పెళ్లి జరగదని పాస్టరుగారు చెప్పేశారు.

ఇక హాల్లోకి వెళదాం.

ఏడాదికోసారి, నవంబరు మొదట్లో, స్కెల్బీలందరూ ట్రాయ్‌లో ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని కలుస్తారు. తెల్లవాళ్లు సగం, మనవాళ్లు సగం. దీన్ని నడిపేది డోనా స్కెల్బీ. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రపంచంలో తన పేరున్నవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వెతకడం ఆమెకు వ్యాపకం. గోడకు దుప్పటంత పటం తగిలించి, ఉన్న చోటల్లా ఎర్ర గుండుసూదులు గుచ్చుతుంది. ఇంగ్లండు తూర్పు ఒడ్డున ఒక మూల ఒక గుప్పెడు సూదులు. ఆ పేరు పుట్టిన పల్లెటూరు అక్కడే ఉండేదట. స్కెల్ అనే ఎవరో మనిషి, 'బీ' అంటే వాళ్ల పాత భాషలో ఊరు. ఆ ఊరిని సముద్రం ఎప్పుడో మింగేసింది. ఊరు మునిగింది గానీ పేరు తేలింది. తేలి మిషిగన్ వచ్చింది. అక్కడి చక్కెర బీట్ పొలాల వైపు ఇంకో గుప్పెడు సూదులు. ఆ తర్వాత ఖాళీ, ఖాళీ, ఖాళీ. మళ్లీ గోదావరి పాయల దగ్గర సూది గుచ్చడానికి చోటు లేనంత ఎరుపు.

"ఇంగ్లండులో కంటే మీ దగ్గరే మేం ఎక్కువ ఉన్నాం" అని డోనా ఏటా నవ్వుతూ చెప్పేది. ఎవరో ఒక స్కెల్బీ దొర మిషనరీగా వెళ్లి ఉంటాడనీ, ఆయన సంతానమో పెంపుడు సంతానమో ఇలా పెరిగి ఉంటుందనీ ఆమె ఊహ. షాలేం రాజుకి ఆ ఊహ చాలా ఇష్టం. తన ఆఫీసులో ఆ మునిగిన ఊరి గురించి మా ఊరు అన్నట్టే చెప్పేవాడు.

ఈ ఏడు డోనా కొత్తగా ఫొటోలు తెచ్చింది. అటక మీద దొరికాయట. వాళ్ల ముత్తాతగారి చెల్లెలు హ్యారియెట్, పెళ్లి చేసుకోని పంతులమ్మ, గోదావరి వైపు ఒక మిషన్ బోర్డింగుకు సాయం పంపేదట. కొన్నేళ్లకోసారి అక్కడినుంచి ఒక కుర్రాడి ఫొటో వచ్చేది. అట్ట మీద వాటిని వరసగా అంటించి డోనా పైన "మన స్కెల్బీ అబ్బాయిలు" అని రాసింది.

నవోమి చేసేది సీటు బెల్టులు పరీక్షించే ఉద్యోగం. బెల్టును మిషన్ మీద లాగుతూ, అది ఎక్కడ తెగుతుందో అక్కడ కళ్లు పెట్టి కూర్చోవడం ఆమె పని. అందుకే అందరూ కుర్రాళ్ల మొహాలు చూస్తుంటే ఆమె మంచం చూసింది. ప్రతి ఫొటోలోనూ ఒక ఇనప మంచం, తల వైపు రేకు మీద ఇంగ్లీషులో స్కెల్బీ అన్న అక్షరాలు. కాళ్ల వైపు ఎడమ కోడు కింద ఇటుక. అన్ని ఫొటోల్లోనూ అదే ఇటుక, ఒక మూల విరిగినది. మంచం మారలేదు. పిల్లలు మారారు. ఒకడు నల్లగా పొడుగ్గా, ఇంకొకడు గుండ్రంగా, వేరొకడు పిల్లి కళ్లతో. ఒకే ఇంటి పిల్లలు పోలికల్లో ఎక్కడో ఒక చోటైనా కలుస్తారు. వీళ్లు ఎక్కడా కలవలేదు.

రెండో ఫొటోలో కుర్రాడికి షాలేం రాజు నుదురుంది. మూడో ఫొటోలో కుర్రాడి కుడి చెవి పైఅంచు లోపలికి మడిచి ఉంది. ఆ చెవి దేవకుమార్‌ది. ఆ చెవి జెనిఫర్‌ది.

"డోనా, మీవాళ్లలో ఇండియాకి మిషనరీగా వెళ్లింది ఎవరు?"

"అదే చెప్దామనుకుంటున్నాను," అంది డోనా ఇంగ్లీషులో. "ఎవరూ వెళ్లలేదు. మొత్తం వెతికాను. మా పేరున్న ఒక్క మనిషి కూడా సముద్రం దాటి అటువైపు వెళ్లలేదు. మరి వీళ్లంతా ఎక్కడినుంచి వచ్చారో నాకు అంతుపట్టడం లేదు."

నవోమి వెనక్కి తిరిగి కాఫీ బల్ల వైపు చూసింది. అక్కడ జ్ఞానప్రసూన అనే పెద్దావిడ బిస్కెట్టు కాఫీలో ముంచుకుని తింటోంది. తొంభై దాటిన మనిషి. నవోమి పక్కింటి రియాకి అమ్మమ్మ. ఈ వేసవిలోనే అమెరికా వచ్చింది. శనివారాలు రియాకి మందుల షాపులో డ్యూటీ ఉంటుంది గనక, ఆ రోజు నవోమి ఎక్కడికి వెళ్లినా పెద్దావిడను వెంట తీసుకెళుతుంది. ఆవిడ ఏదో బోర్డింగ్ కాంపౌండులో పుట్టి పెరిగిందని, తర్వాత అక్కడే టీచరుగా చేసిందని నవోమికి తెలుసు. ఏ బోర్డింగని ఎన్నడూ అడగలేదు. అందరూ టీచరమ్మా అంటే తనూ టీచరమ్మా అనేది.

"టీచరమ్మా, ఒకసారి ఇలా వస్తారా?"

ఆవిడ వాకర్ నెట్టుకుంటూ వచ్చింది. డోనా పరుగున వెళ్లి కుర్చీ తెచ్చి వెనక పెట్టింది. పెద్దావిడ కూర్చోలేదు. ఫొటోల మీదికి వంగి, ముందు నవ్వింది.

"అదుగో. స్కెల్బీ మంచం. దీని కోడు విరగ్గొట్టింది నేనే. దాని మీదెక్కి గెంతాను. మా అమ్మ వీపు పగలగొట్టింది."

"మంచానికి పేరేవిటండీ?"

"అన్ని మంచాలకీ ఉండేవి గదమ్మా. ఆ దేశంలో ఎవరో మంచం ఖర్చు పెట్టుకునేవారు. వాళ్ల పేరు మంచానికి కొట్టేవారు. పడుకున్న పిల్లాడికీ అదే పేరు. పొద్దున్నే మా అమ్మ మంచాల పేర్లే పిలిచేది హాజరుకి. మా అమ్మే మేట్రను. వాడు పెద్దాడై వెళ్లిపోతే, ఆ మంచం మీదికి ఇంకోడు వచ్చేవాడు. వాడూ స్కెల్బీయే. వెళ్లేప్పుడు సర్టిఫికెట్లో ఆ పేరే రాసి పంపేవారు."

"అంటే వీళ్లు అన్నదమ్ములు కారా?"

"అన్నదమ్ములేవిటే పిచ్చిదానా. మంచం ఖాళీ అయితే వచ్చి పడుకున్నోళ్లు. ఒకడు ఒకింటివాడు, ఒకడు ఇంకో ఇంటివాడు." ఆవిడ వేలు రెండో ఫొటో మీద పెట్టింది. "ఇదుగో ఫిలేమోను. మన షాలేం రాజు నాన్న. మంచి పాటగాడు." వేలు జరిగింది. "వీడు మత్తయి. పక్క తడిపేవాడు పాపం. మా అమ్మ ఎవరికీ తెలియకుండా తెల్లారేసరికి ఉతికి ఆరేసేది."

మత్తయి నవోమి మామగారు. పెద్ద మీసంతో, వేరే ఊళ్లో స్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి. నవోమి ఆ చిన్నపిల్లాడి మొహం చూసింది. ఏడవాలనిపించింది గానీ ఏడుపు రాలేదు. దాని చోట ఇంకేదో వచ్చింది.

"ఇది మాకెవరికీ ఎందుకు చెప్పలేదు టీచరమ్మా? కిందటి ఆదివారం చర్చిలో అంత గొడవ జరిగితే..."

"ఏం గొడవ? నాకు మైకు పెట్టినా వినపడదు. నన్నెవరడిగారు? అయినా ఇది చెప్పేదేవిటమ్మా. ఆ కాలంలో అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలిసిందే. తర్వాతి వాళ్లకి పేరు మిగిలింది, మంచం మిగల్లేదు. మనవాళ్లకి ఇంటిపేరంటే ఇల్లు. ఇల్లంటే రక్తం. అందుకని ఒకరి తర్వాత ఒకరు అదే మంచం మీద పడుకున్నవాళ్ల పిల్లలు, ఒకరినొకరు అన్నా చెల్లీ అని పిలుచుకుంటూ, పెళ్లి సంబంధాలు వెతికేప్పుడు ఒకరినొకరు తప్పించుకుంటూ బతికారు. గోదావరి పక్కన ఎన్ని పెళ్లిళ్లు ఇలా మొదలవకుండానే ఆగిపోయాయో ఎవరు చెప్పగలరు.

నవోమి డోనాకి రెండు మాటల్లో ఇంగ్లీషులో చెప్పింది. డోనా పటం వైపు తిరిగి ఆ ఎరుపంతా చాలాసేపు చూసింది.

"ఇన్ని సూదులూ ఒక్క మంచానివా?" అంది. తర్వాత మెల్లగా, "నేను ఈ ఫొటోలు తేకుండా ఉండాల్సిందా?"

"లేదు డోనా. ఎప్పుడో రావాల్సినవి."

నవోమి వంటగది వైపు నడిచింది. నడుస్తుంటే ఆమెకు జెనిఫర్ మొహమే కనిపించింది. కిందటి శీతాకాలం, గరాజులో, కోటు కూడా విప్పకుండా నిలబడ్డ జెనిఫర్. "మమ్మీ, హీ ఈజ్ నాట్ మై బ్రదర్" అని ఏడుస్తున్న పిల్లతో నవోమి ఏమందో నవోమికి అక్షరం అక్షరం గుర్తుంది. "నిన్ను కన్నందుకు సిగ్గుపడుతున్నాను" అంది. పెద్దవాళ్లు చెప్పింది నమ్మి అంది. ఆ రాత్రినుంచి జెనిఫర్ ఆ ఇంట్లో అన్నం తినలేదు. శనివారాలు వస్తుంది, కూర్చుంటుంది, కడుపు నిండిందంటుంది.

అయితే ఒక్కటి తేలాలి. తనకు తెలియదు. బావగారికీ తెలియకపోతే ఇద్దరూ ఒకే గోతిలో పడ్డవాళ్లు. అప్పుడు కోపం దేని మీద? చచ్చిపోయిన ఒక మంచం మీద.

వంటగదిలో షాలేం రాజు కేకు కోస్తున్నాడు. కోటు విప్పి, టై భుజం మీదుగా వెనక్కి వేసుకున్నాడు. చొక్కా జేబుకి స్కెల్బీల సంఘం వైస్ ప్రెసిడెంట్ అన్న బిళ్ల ఉంది. కేకు మీద నీలం క్రీముతో స్కెల్బీ అని ఉంది. సింకు దగ్గర పర్సిస్ బిర్యానీ గిన్నెలు కడుగుతోంది.

"రామ్మా," అన్నాడాయన. ఆ ఆదివారం తర్వాత వాళ్లు మాట్లాడుకోవడం ఇదే మొదలు. అయినా గొంతు మామూలుగానే ఉంది. "పర్సిస్, మూల ముక్క తీసి పెట్టు. నవోమికి క్రీము ఇష్టం."

తనకు ఏం ఇష్టమో ఆయనకు గుర్తుంది. ఆ సంగతి నవోమి కోపానికి ఇంకాస్త ఆజ్యం పోసింది.

"బావగారూ, డోనా తెచ్చిన ఫొటోలు చూశారా?"

"ఎక్కడమ్మా. పొద్దుట్నుంచి ట్రేలు మొయ్యడమే సరిపోయింది."

"మీ నాన్నగారున్నారు. చిన్నప్పటి ఫొటో. మంచం పక్కన."

కత్తి ఆగింది. ఆగిన తీరు చూసి నవోమికి అర్థమైంది. తెలియనివాళ్లు ఏం మంచం అంటారు. ఆయన అనలేదు.

"తెలుసా మీకు?"

"నవోమీ, ఇప్పుడు కాదు. జనం ఉన్నారు. సాయంత్రం ఇంటికొస్తాను, కూర్చుని డిస్కస్ చేద్దాం."

"ఆ రోజు చర్చిలో లేచి నిలబడ్డప్పుడు జనం కనపళ్లేదా మీకు?"

ఆయన అరచేత్తో కత్తి మీది క్రీము తుడిచాడు. తుడిచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నాన్న పోయే ముందు చెప్పాడు. జెనీ అప్పటికి చిన్నది. ఎలిమెంటరీ స్కూలు."

కుళాయి ఆగింది. పర్సిస్ చేతులు తుడుచుకోకుండానే తిరిగింది.

"ఏడాది ఏడ్చానండీ నేను," అంది భర్తతో. "పక్కన కూర్చుని టిష్యూలు ఇచ్చేవారు. తెలిసే ఇచ్చారా?"

ఆయన భార్య వైపు చూడలేదు. "ఏం చెప్పమంటావు? ఊరూ పేరూ లేని పిల్లాడికి మంచం పేరు పెట్టారు, దాని మీద మనం నిలబడ్డామని చెప్పమంటావా? ఈ కంట్రీలో ఆ పేరే నాకు తలుపు తీసింది. రెజ్యూమె మీద స్కెల్బీ అని చూసి ఇంటర్వ్యూకి పిలిచారు. నా కొడుకు ఆ పేరు చెప్పుకుని తలెత్తుకు తిరుగుతున్నాడు."

"చెప్పుకోకండి," అంది నవోమి. "ఎవరడిగారు మిమ్మల్ని? మునిగిపోయిన ఊరు మీదే అనుకోండి. ఆ సముద్రం కూడా మీదే అనుకోండి. మీ ఇష్టం. కానీ రక్తం కలవదని తెలిసి, నా పిల్లని పట్టుకుని పాపం అన్నారు. అది ఎందుకన్నారు?"

ఆయన కేకు మీద కత్తితో ఇంకో గీత గీశాడు.

"పేరు బయటపడుతుందనే భయమైతే ఊరుకుంటే సరిపోయేది. ఆ రెండో ఆదివారం మీరు కూర్చుని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఈపాటికి కార్డులు ప్రింట్ అయ్యుండేవి. మీరు లేచారు. కొడుకు గుండె పగులుతుందని తెలిసి లేచారు. ఇంకేదో ఉంది."

బెల్టు తెగే ముందు ఒక్క పోగు లేస్తుంది. చూపు తిప్పుకోకూడదు. నవోమి తిప్పుకోలేదు.

"మీ మామగారిది ఏ ఊరో తెలుసా?" అన్నాడు చివరికి, చాలా తగ్గు గొంతుతో.

"తెలుసు."

"ఊరు కాదమ్మా. పల్లె. ఊళ్లో కాలవ ఉండేది. ఇవతలిది మా నాన్న పల్లె. అవతలిది చెప్పులు కుట్టేవాళ్లది. మీ మామగారు అవతలివాడు. ఒకే మంచం మీద పడుకోబెట్టారు గానీ, దొరలకేం తెలుసు మన సంగతులు? నాన్న ఆఖరి మాటగా నాకు అదే చెప్పాడు. వాళ్లతో కలిసి తిను, కలిసి ప్రార్థన చెయ్యి. పిల్లనియ్యకు, తెచ్చుకోకు అని. మాటిచ్చాను."

హాల్లో ఎవరో పియానో మీద ఒక వేలితో హాపీ బర్త్‌డే వాయిస్తున్నారు. నవోమి స్టీలు బల్ల అంచు పట్టుకుంది. ఇప్పుడు మొత్తం కనిపించింది. ఈ మాట ఆయన చర్చిలో అనలేడు. అంటే పాస్టరుగారు బయటికి పంపుతారు. ట్రాయ్‌లో పుట్టిన కొడుకు, ఆ కాలవ పేరు కూడా వినని కొడుకు, తండ్రిని మళ్లీ నాన్నా అని పిలవడు. అందుకని ఇంటిపేరును అడ్డం పెట్టుకున్నాడు. వావి తప్పుతుందంటే కాదనే తెలుగువాడు ఉండడు గదా.

"అంటే, పేరు ఒకటే గనక పెళ్లి కుదరదు," అంది. "పేరు ఒకటి కాదని తేలితే, పల్లె వేరు గనక కుదరదు. ఎటు లాగినా తెగకుండా అల్లారు బావగారూ. మా కంపెనీలో కూడా ఎవరికీ చేత కాదు."

"వెటకారం వద్దమ్మా."

"దేవకుమార్ మీ ఇంట్లో తిన్నాడే, అప్పుడో?"

"తిండి వేరు."

"ఆయన పేటిక మోశారు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు, అది నవోమికి తెలుసు. వచ్చిన కొత్తలో దేవకుమార్‌కు మంచులో కారు నడపడం నేర్పింది ఈ మనిషే. జెనిఫర్‌కు జ్వరమొస్తే ఆఫీసు మానేసి హాస్పిటల్లో కూర్చున్నది ఈ మనిషే. జెనిఫర్ మూడేళ్లప్పట్నుంచి పెదనాన్నా అని పిలిచింది ఈ మనిషినే.

"మనసారా మోశాను. వాడు నాకు తమ్ముడే నవోమీ. ఇప్పటికీ."

"అవును, తమ్ముడే. వియ్యంకుడు కానంతవరకూ."

పర్సిస్ చెంగుతో నోరు మూసుకుంది.

"రేపు మూడోసారి చదువుతారు," అంది నవోమి. "మీరు లేవండి. మీ తర్వాత నేను లేస్తాను. ఇప్పుడు ఈ వంటగదిలో మీరు నాతో అన్నది అన్నట్టు, మైకులో చెప్తాను. పాస్టరుగారు రమ్మన్నారని ఎవాన్ ఈ సాయంత్రం ఫ్లైట్‌కి వస్తున్నాడుగా. వింటాడు."

"చెప్పు." ఆయన గొంతులో మొదటిసారి పదును వచ్చింది. "చెప్పు. నా పరువు పోతుంది. ఆ తర్వాత? ఇక్కడ ఇప్పటివరకు నీ పిల్ల ఎవరికైనా ఇంజనీరు జెనిఫర్. రేపు ఆరాధన అయ్యేసరికి కాలవ అవతలి పిల్ల. డాలస్ దాకా వాట్సాప్‌లో వెళుతుంది. అందరూ ప్రేమగానే పలకరిస్తారు. పలకరించి పక్కకెళ్లి అనుకుంటారు. నేను నోరు మూసుకున్నది నా ఒక్కడి కోసమే అనుకుంటున్నావా?"

అంత కోపంలోనూ నవోమికి ఆ మాట తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఆ చర్చిలో ఎవరెవరు ఎలా అనుకుంటారో ఆమెకూ తెలుసు. కొందరి మొహాలు కూడా కనిపించాయి. నిజం చెబితే ఎవాన్ జెనిఫర్ దగ్గరికి తిరిగి వస్తాడు. నిజం చెబితే జెనిఫర్ వెనక ఒక గుసగుస జీవితమంతా నడుస్తుంది. చెప్పకపోతే రేపు పదిన్నరకల్లా ఆ పెళ్లి అయిపోయిన కథ.

"ఎవర్రా అవతల?"

గుమ్మంలో జ్ఞానప్రసూన నిలబడి ఉంది. వాకర్ కాళ్లకు తొడిగిన టెన్నిస్ బంతుల వల్ల ఆవిడ రావడం ఎవరికీ వినపడలేదు. వెనక డోనా, కేకు కోసం ఖాళీ ప్లేటు పట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏదో జరుగుతోందని అర్థమై, అక్కడే ఆగిపోయి ఉంది.

"ఏం లేదు టీచరమ్మా," అన్నాడు షాలేం రాజు. "కేకు పంపిస్తాను. మీరు కూర్చోండి."

"చెవుడు మైకులకేరా. మూసిన గదిలో గుసగుసలు నాకు బాగానే వినపడతాయి. ముప్పై ఏళ్లు పిల్లల హాలు పక్కన పడుకున్నదాన్ని." ఆవిడ లోపలికి వచ్చింది. "ఫిలేమోను ఇవతలివాడు, మత్తయి అవతలివాడు. అంతేనా? ఇది నీకెవరు చెప్పారు?"

"నాన్నే చెప్పాడండి."

"మీ నాన్నకెవరు చెప్పారు?"

షాలేం రాజు కత్తిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"వాడికి ఎలా తెలుస్తుందిరా," అంది పెద్దావిడ. కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్లాడికి పలక మీద చూపించినట్టు. "మీ నాన్న బోర్డింగుకి వచ్చేసరికి మూడేళ్లు నిండలేదు. పెద్ద తుపాను వెళ్లిన మర్నాడు. మాట రాదు, వాడి పేరు వాడికి రాదు. మావాడని ఏ పల్లెవాళ్లూ వచ్చి అడగలేదు. ఆ రోజుల్లో మంచాల దగ్గర కూడా పిల్లలు నువ్వెటు, నేనెటు అని కొట్టుకునేవారు. వాడు పెద్దయ్యాక తనకు నచ్చిన పక్క తను చెప్పుకునుంటాడు. పిల్లాడు గదా. నేనేం తప్పుపట్టను." ఊపిరి తీసుకుంది. "వాణ్ని ఎత్తుకొచ్చింది మా అమ్మ. పడవేసుకుని వెళ్లింది, కాలవ పొంగి రెండు పల్లెలూ మునిగి ఉన్నాయి. ఏ ఒడ్డున తాటిచెట్టుకి కట్టేసి ఉన్నాడో, ఏ ఒడ్డున ఎత్తుకుందో నాకు తెలుసు. పడవలో నేనున్నాను."

షాలేం రాజు మొహంలో రంగు దిగిపోవడం నవోమి చూసింది. ఎన్నాళ్లుగానో తనకు తెలియకుండా ఎదురుచూసిన క్షణం ఇదేననిపించింది. ఒక్క మాట చాలు. ఏడాదిపాటు తన కూతురు మోసింది ఈయన మోస్తాడు. ఆ రుచి నాలిక మీదికి వచ్చింది, నిజంగా తియ్యగానే ఉంది.

టీచరమ్మ పెదవులు విడివడ్డాయి.

"వద్దు," అంది నవోమి.

అందరూ ఆమె వైపు చూశారు.

"చెప్పకండి టీచరమ్మా. ఈయన మీద జాలితో కాదు. నాకింకా ఈయన్ని చూస్తే ఒళ్లు మండుతోంది. ఏ ఒడ్డో తెలిసి నేను గెలిచాననుకోండి, ఒడ్డు ముఖ్యమేనని నేనూ ఒప్పుకున్నట్టే. రేపు అదే ఒడ్డు నా పిల్ల మెడకి చుట్టుకుంటుంది. ఏ ఒడ్డూ నాకొద్దు."

పెద్దావిడ తల ఊపి, బల్ల మీది మూల ముక్క వైపు చెయ్యి చాచింది. అది నవోమి కోసం తీసి పెట్టిన ముక్క. నవోమి ప్లేటు ఆవిడ దగ్గరికి జరిపింది.

సంగతి అక్కడితో అయిపోయేదే. పర్సిస్ ఏదో అనబోయింది. డోనా వెనక్కి తిరిగింది.

షాలేం రాజు కత్తి కింద పెట్టాడు. గోడ పక్కనున్న మడత కుర్చీ తెచ్చి విప్పి, టీచరమ్మ భుజాలు పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. వాకర్ పక్కకి జరిపాడు. తర్వాత అరవయ్యేళ్ల ఆ మనిషి, కోటు లేకుండా, టై ఇంకా భుజం వెనకే ఉండగా, ఆవిడ ముందు వంటగది నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఆవిడ నోటి దగ్గరికి తన చెవి వచ్చేలా.

"నాకు కావాలి టీచరమ్మా," అన్నాడు. "ఏ ఒడ్డు?"